విశ్రాంతిలో ఏడుగురు

డిసెంబరు 19, ఉదయం 9 గంటల 12 నిమిషాలు. మెట్లగరువులో గెడ్డం సువార్త ఎడమ ముంజేతికి ఉన్న బ్యాండు మూడుసార్లు అదిరింది. ఆమె అప్పుడు అరుగు ఊడుస్తోంది. చీపురు గోడకు ఆనించి, లోపలికి వెళ్లి, మంచం మీద వెల్లకిలా పడుకుంది.

మరో రెండు నిమిషాల్లో అదే వీధిలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు చేస్తున్న పని ఆపి పడుకున్నారు. 9:20 కల్లా పడుకున్నవాళ్లు ఏడుగురయ్యారు. ఈ సమయాలు బ్యాండ్ల రికార్డులోవి.

సువార్త చేతికి ఉన్న బ్యాండు ఆమెది కాదు. ఆమె భర్త ఏసుదాసుది. నంబరు 0431. ఏసుదాసు ఆ ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న గ్యాస్ సేకరణ కేంద్రంలో కాంట్రాక్టు ఆపరేటరు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా డ్యూటీ. చుట్టుపక్కల బావుల నుంచి వచ్చే గ్యాస్ ఆ కేంద్రానికి చేరుతుంది. అక్కడి నుంచి బయటికి పోయే పైపులైను మెట్లగరువు వెనక, మురుగుకాలవ పక్కన, భూమిలో మీటరు లోతున వెళ్తుంది.

బ్యాండ్లు జూలైలో ఇచ్చారు. మొత్తం 212 మందికి. బావి నుంచి వచ్చే గ్యాస్‌కు వాసన ఉండదు. వంటింటి సిలిండరులో వచ్చే వాసన తర్వాత కలిపేది. మనిషి పీల్చిన గ్యాస్ రక్తంలో కలిసి, తొంభై సెకన్లలో చెమటలో జాడ వదులుతుంది. బ్యాండు ఆ జాడ పడుతుంది. పట్టగానే మూడుసార్లు అదిరి, కంట్రోల్ రూముకు తెలియజేస్తుంది. ఒకేచోట ఉన్న మూడు బ్యాండ్లు అదే చెబితే, అక్కడి లైను వాల్వు మనిషి ప్రమేయం లేకుండా మూసుకుంటుంది.

ఈ మూడు ఒళ్ల నియమం రాసింది ముదునూరి హైమ. కాకినాడలోని కంపెనీ ప్రయోగశాలలో ఇంజినీరు. అంతకు ముందు ఏడాది ఒక పంపు గదిలో ఇద్దరు పనివాళ్లు పడిపోయి చనిపోయారు. మీటరు గ్యాస్ ఉందని సరిగ్గానే చూపించింది. దాన్ని చూడాల్సిన మనిషి ఆ ఇద్దరిలో ఒకడు.

జూన్‌లో హైమ తన మీదే పరీక్ష చేసుకుంది. మరో ఇద్దరితో కలిసి గాజు గదిలో కూర్చుంది. బయట ఉన్నవాళ్లు గదిలోకి గ్యాస్ వదిలారు. ఎప్పుడు వదిలిందీ లోపలివాళ్లకు చెప్పలేదు. వాల్వు పడిన చప్పుడు వినిపించాక ఆమె, "ఇంకా మొదలుపెట్టలేదా?" అని అడిగింది. అప్పటికి గ్యాస్ వదిలి నూట పది సెకన్లయింది.

బ్యాండు రోజంతా చేతికే ఉండాలి. మనిషి ఎలా నిద్రపోయాడో కూడా దానికి తెలియాలి. ఆరు గంటల నిద్ర నమోదు కాకపోతే ఆ రాత్రి అతనికి కేంద్రం గేటు తెరుచుకోదు. మెట్లగరువు నుంచి రాత్రి డ్యూటీకి వెళ్లేవాళ్లు ఏడుగురు. ఏడుగురికీ పగలు వేరే పని ఉంది. ఏసుదాసు తొమ్మిది కిలోమీటర్ల అవతల తన అన్న రొయ్యల చెరువు చూసుకుంటాడు. నేలపూడి సామ్యేలు ఆటో నడుపుతాడు. మిగతావాళ్లు కొబ్బరి దింపుకో, చేపల వేటకో పోతారు. బ్యాండు కొత్త ఒంటిని నేర్చుకోవడానికి నలభై రోజులు పడుతుంది. ఆ నలభై రోజుల్లో మొదటి రోజు నుంచే ఏడుగురూ ఉదయం ఇంటికి రాగానే బ్యాండు తీసి భార్య చేతికి పెట్టారు. బ్యాండు రాత్రి మొగుణ్ణి, పగలు పెళ్లాన్ని నేర్చుకుని, ఇద్దరినీ ఒక మనిషిగా రాసుకుంది.

ఎనిమిది నుంచి రెండు దాకా ఆ ఏడుగురు ఆడవాళ్లు నిద్రపోతున్న మగవాళ్లు. గంటకు పది నిమిషాల కదలికను బ్యాండు నిద్రలో దొర్లడం కింద లెక్కేస్తుంది. అంతకు మించితే ఒకసారి, పొడవుగా అదురుతుంది. అందుకని వాళ్లు గంటకు పది నిమిషాలు పనిచేసి, మిగతా సేపు కూర్చునేవాళ్లు. వంట తెల్లవారుజామునే అయిపోయేది. సువార్త నాలుగేళ్ల కూతురు కెజియా వీధిలోకి పరిగెత్తితే, సువార్త వెనక పరిగెత్తేది కాదు. అత్త మరియమ్మను పిలిచేది. ఎవరైనా నవ్వించబోతే చెయ్యి అడ్డం పెట్టేది.

"మా కోడలు మొగుడి నిద్దర కూడా తనే పోతందమ్మా. ఇంకేం గావాల?" అని మరియమ్మ వీధిలో చెప్పేది.

ఐదు నెలల్లో ఆ ఏడుగురి గుండె పగటి పూట నిమిషానికి 64 దాటడం మానేసింది.

అదిరితే ఏం చెయ్యాలో ఏసుదాసు మొదటి రోజే చెప్పాడు. "అదిరిందంటే కదలకండా పడుకో. నెమ్మదిగా ఊపిరి తీసుకో. అదే ఆగిపోద్ది." మూడుసార్లు అదిరితే గ్యాస్ అని చెప్పలేదు. అది ప్లాంటులో మాట అనుకున్నాడు. మిగతా ఆరుగురూ చెప్పలేదు.

ఆగస్టు నెలాఖరులో హైమ ప్రయోగశాలలో 0431 రికార్డు చూస్తోంది. పగటి నిద్రలో ఒంటి వేడి పన్నెండు రోజుల పాటు డిగ్రీలో మూడో వంతు పెరిగి, తర్వాత ఒక్కసారిగా తగ్గింది. ముందు నెలలోనూ అదే జరిగింది. మగవాడి ఒంట్లో అలా జరగదు. అలాంటి రికార్డులు ఇంకెన్ని ఉన్నాయో వెతికింది. ఆరు దొరికాయి. చిరునామాలు చూసింది. అన్నీ మెట్లగరువు.

మర్నాడు ప్లాంటుకు వెళ్లి ఏసుదాసును పక్కకు పిలిచింది.

"నిద్రలో మీ గుండె చాలా నెమ్మదిగా కొట్టుకుంటోంది, ఏసుదాసుగారూ."

"కష్టం చేసే ఒళ్లు కదండి, మేడమ్. పడుకుంటే రాయేనండి."

"నెలకోసారి వెచ్చబడుతోంది ఆ రాయి."

ఏసుదాసు బూట్ల వైపు చూశాడు. "మా ఇంటిది నమ్మకస్తురాలండి, మేడమ్. పడుకోమంటే పడుకుంటాది. మీ రికార్డుకి ఏ లోటూ రానివ్వదండి."

"నేను నవ్వడానికి రాలేదు."

"నేనూ నవ్వటం లేదండి. ఇది మీరు రాశారంటే ఏడిళ్లండి. రేపట్నించి గేటు తెరుచుకోదు."

హైమ రాయలేదు.

సెప్టెంబరులో మెట్లగరువు లైను వాల్వు దానంతట అదే మూసుకుంది. ఆ వీధిలో ఒక పెళ్లింటికి రంగులు వేశారు. రంగులో కలిపే థిన్నర్ ఆవిరిని మూడు బ్యాండ్లు గ్యాస్ అనుకున్నాయి. ఐదు గంటలు సరఫరా ఆగింది. పై అధికారులు వివరణ అడిగారు. ఇంట్లో నిద్రపోతున్న మనుషుల మాట మీద వాల్వు ఎందుకు పడాలన్నారు. హైమ దగ్గర రెండు దారులు ఉన్నాయి. ఆ చేతులు ఎవరివో చెప్పడం ఒకటి. నియమంలో ఒక వాక్యం మార్చడం రెండోది. ఆమె వాక్యం మార్చింది. అప్పటి నుంచి విశ్రాంతిలో ఉన్న బ్యాండ్లు అదురుతాయి, కంట్రోల్ రూము తెర మీద కనిపిస్తాయి, వాల్వు లెక్కలోకి రావు. డ్యూటీలో ఉన్నవాళ్లు తెర మీద ఆకుపచ్చ చుక్కలు. విశ్రాంతిలో ఉన్నవాళ్లు బూడిదరంగు చుక్కలు.

డిసెంబరు 19 ఉదయం మంచు ఉంది. గాలి లేదు. పైపు అతుకు దగ్గర పడిన చీలిక పొడవు నాలుగు సెంటీమీటర్లని తర్వాత కొలిచారు. గ్యాస్‌తో పాటు వచ్చే నూనె ఆవిరి గాలికన్నా బరువు. అది మురుగుకాలవ వెంట నేలబారుగా వచ్చి వీధిలో నిలిచింది. పైపులో ఒత్తిడి తగ్గింది గాని, మీటరు హద్దు దాటేంతగా తగ్గలేదు.

కంట్రోల్ రూములో షిఫ్ట్ ఇన్‌చార్జి వెంకటరత్నం 9:15కు మూడు బూడిదరంగు చుక్కల చుట్టూ పసుపు గీత చూశాడు. 9:18కి అవి ఐదు. ఆయన సర్వీసు ఇరవై తొమ్మిదేళ్లు. ఒత్తిడి చూశాడు. హద్దులోనే ఉంది. 9:19కి హైమకు ఫోన్ చేశాడు.

"మెట్లగరువులో మనవాళ్లు ఐదుగురికి గ్యాస్ పట్టిందంటోందండి మీ బ్యాండు. క్రిస్మస్ వస్తోంది కదా, ఇళ్లకి రంగులేసుకుంటన్నారేమో."

"ఐదుగురూ ఒకేసారా?"

"పేటంతా ఒకేసారి వేసుకుంటారండి. పోయినేడాదీ అంతే."

"వాళ్లకి ఫోన్ చేయండి, రత్నంగారూ."

ఏడుగురికీ ఫోన్ చేశారు. ఎవరూ ఎత్తలేదు. ఆ సమయంలో ఏడుగురూ నిద్రలో ఉండాలి. ఏసుదాసు చెరువు గట్టు మీద ఉన్నాడు. ఫోన్‌లో కంపెనీ నంబరు చూశాడు. పక్కన చెరువు నీళ్లను చిలికే గాలి యంత్రాలు తిరుగుతున్నాయి. ఆ చప్పుడు అవతలికి వినిపిస్తుందని ఎత్తలేదు. మిగతావాళ్లు ఎత్తకపోవడానికి చెప్పిన కారణాలు కూడా ఇలాంటివే.

9:23కి గేటు దగ్గరి కాపలాదారు కంట్రోల్ రూముకు ఒక మాట చెప్పాడు. వెంకటరత్నం దాన్ని హైమకు చెప్పాడు.

"విన్నారా, మేడమ్? 0417 మంచం మీద నిద్రపోతన్నాడని మీ తెర చెబుతోంది. సామ్యేలు ఇప్పుడే మన గేటు ముందునించి ఆటో తోలుకుని పోయాడంట." ఆయన నవ్వాడు. "బ్యాండ్లు తీసి ఏ మేకకో కట్టుంటారు. పక్కన పెయింటు డబ్బా ఉంటాది. ఇదీ సంగతి. దొంగ నా కొడుకులు, రేపు చెబుతాను వీళ్ల పని."

హైమ తెర మీద 0417 చుక్కను చూస్తోంది.

"మేడమ్, ఉన్నారా?"

"ఉన్నాను. వాల్వు మూయగలరా?"

"కారణం ఏమని రాయమంటారు? మేకకి కళ్లు తిరిగాయనా?"

ఆమె తెర మీద ఇప్పుడు ఏడు చుక్కలకూ పసుపు గీత ఉంది. ప్రయోగశాల నుంచి ఆమె చేయగలిగింది ఒకటే. బ్యాండ్లను అదిరించడం. అదిరితే ఆ ఆడవాళ్లు భయపడి బయటికి వస్తారని, వీధి దాటి పోతారని, ఏడుగురి ఉద్యోగాలూ ఉంటాయని అనుకున్నట్టు ఆమె విచారణలో చెప్పింది. 9:24కి ఏడు బ్యాండ్లకూ గ్యాస్ హెచ్చరిక పంపింది. మూడుసార్లు.

చుక్కలు కదలలేదు. 9:25కి మళ్లీ పంపింది. ఒకామె అరుగు మీదికి వచ్చినట్టుంది, ఆ చుక్క వెనక్కి, ఇంట్లోకి వెళ్లింది. 9:27కి మళ్లీ పంపింది. ఏడు బ్యాండ్లూ పడుకున్న స్థితి చూపించాయి. గుండె 62. 60. 58. ఆ గుండెలు ఎందుకు పరిగెత్తడం లేదో ఆమెకు అర్థం కాలేదు. స్పృహ తప్పుతున్నారేమో అనుకుని ఇంకా తరచుగా అదిరించింది.

మూడుసార్లు అదిరితే అది తనిఖీ అని సువార్త అనుకుంది. ఎవరో కంపెనీవాళ్లు చూస్తున్నారని, కదిలితే భర్త దొరికిపోతాడని అనుకుంది. అరుగు మీద ఆడుకుంటున్న కెజియా వచ్చి తల్లి పక్కన పడుకుంది. "నిద్దరొత్తందమ్మా," అంది. తొమ్మిదిన్నరకు ఆ పిల్ల ఎప్పుడూ నిద్రపోదు. తల నొప్పిగా ఉంది, కళ్లు మూతలు పడుతున్నాయి గనక సువార్త ఆ సంగతి ఆలోచించలేదు. చెయ్యి మళ్లీ అదిరింది. ఆమె ఊపిరి ఇంకా నెమ్మదిగా తీసుకుంది.

9:36కి హైమ వెంకటరత్నంతో అంది. "అవి మేకలకి లేవు. ఆడవాళ్ల చేతులకి ఉన్నాయి. వాళ్ల భార్యలు. ఏడుగురూ ఇళ్లల్లోనే ఉన్నారు."

"మీకెలా తెలుసు?"

"ఆగస్టు నుంచి తెలుసు. లైను మూసేయండి."

వెంకటరత్నం వాల్వు మూశాడు. 9 గంటల 36 నిమిషాల 50 సెకన్లు. కారణం గడిలో ఏమీ రాయలేదు. వాల్వుకూ చీలికకూ మధ్య రెండు కిలోమీటర్ల పైపు ఉంది. అందులో ఉన్న గ్యాస్ బయటికి పోవడానికి మరో యాభై నిమిషాలు పట్టింది. అగ్నిమాపక శకటం రావడానికి నలభై నిమిషాలు పడుతుందని చెప్పారు.

9:38కి ఏసుదాసు ఫోన్‌లో కంపెనీ నుంచి పదిహేను మిస్డ్ కాల్స్ ఉన్నాయి. దొరికిపోయామనుకుని, ఏం జరిగిందో కనుక్కుందామని భార్యకు ఫోన్ చేశాడు. ఫోన్ కిటికీలో ఉంది. సువార్త నాలుగోసారికి ఎత్తింది.

"ఏమైందే? కంపెనీవోళ్లు గానీ వచ్చారా?"

"ఎవరూ రాలేదండి. చెయ్యి అదురుతానే ఉంది. మీరు చెప్పినట్టే పడుకున్నాను."

"ఎన్నిసార్లు?"

"ఏమోనండి. చానాసార్లు."

"అది కాదే. ఒకసారి అదిరినప్పుడు ఎన్ని? పొడుగ్గా ఒకటా?"

"మూడండి. మూడు, మూడు."

 అవతల గాలి యంత్రాల చప్పుడు వినిపించిందని సువార్త తర్వాత చెప్పింది.

"సువార్తా, ఇను. లైటు ముట్టుకోకు. ఫాను ఆపకు, తిరుగుతుంటే తిరగనియ్యి. అమ్మ పొయ్యి ముట్టించిందా?"

"పుల్లలు ఏరుతుంది. నీళ్లు కాచుకుంటానంది."

"అగ్గిపెట్టె లాగేసుకో. పిల్లని ఎత్తుకో, నేల మీద నడవనీకు. ఫోను మంచం మీద పెట్టేసి ఎల్లిపో. కట్ చెయ్యకు, అలాగే వదిలెయ్. మురుక్కాలవ వైపు పోవద్దు, పెద్ద కాలవ గట్టెక్కు."

"ఏటండి, ఏమైంది?"

"గ్యాసే. ఎల్లు."

ఫోన్ మంచం మీద పెట్టిన చప్పుడు ఆయనకు వినిపించింది. తర్వాత పన్నెండు నిమిషాల పాటు ఆ ఫోన్‌లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఆయన బండి మీద ఊరి వైపు వస్తూ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకున్నాడు.

పెరట్లో మరియమ్మ పొయ్యిలో పుల్లలు పేర్చింది. అగ్గిపెట్టె ఆమె బొడ్లో ఉంది. సువార్త పిల్లను భుజాన వేసుకుని వచ్చి, మాట్లాడకుండా అత్త బొడ్లో చెయ్యి పెట్టింది.

"ఏటే ఇది, పిచ్చి గానీ ఎక్కిందా?"

"గ్యాసంట, అత్తా. గట్టు మీదికి నడు. పిల్లని నువ్వెత్తుకో."

"నువ్వు లేచి తిరుగుతున్నావేటి? ఆడికి పని పోద్ది కదే."

"నడు, అత్తా."

సువార్త ఇల్లిల్లూ తిరిగింది. వెళ్లిన ప్రతి బ్యాండు ఇంట్లోనూ ఆడమనిషి మంచం మీద వెల్లకిలా, చేతులు పక్కన పెట్టుకుని ఉంది. ఇద్దరు లేవనన్నారు. ఒకామె, "అదిరింది, వదినా, కదలకూడదు" అంది. సువార్త ఆమె చేతికున్న బ్యాండు లాగి నేలకు కొట్టింది. వీధిలోని మిగతావాళ్లు కూడా ఆ కేకలకు బయటికి వచ్చారు. 9:47కి గట్టు మీద అరవై మందికి పైగా ఉన్నారు. బ్యాండ్లు పెట్టుకున్నవాళ్లలో ఆరుగురు ఉన్నారు. సామ్యేలు భార్య రూతు లేదు.

వాళ్ల పెళ్లి మే నెలలో అయింది. వాళ్లది వరుసలో చివరి ఇల్లు. సువార్త అక్కడి దాకా వెళ్లలేదు. వెనక గోడకూ పైపుకూ మధ్య పద్నాలుగు మీటర్లు.

సువార్త గట్టు దిగింది. మరియమ్మ ఆమె కొంగు పట్టుకుంది. "నీ బిడ్డ ఈడుందే." సువార్త కొంగు విడిపించుకుంది.

కాకినాడలో హైమ తెర మీద 0431 చుక్క గట్టు నుంచి వెనక్కి బయల్దేరింది. వెంకటరత్నం ఇంకా ఫోన్‌లోనే ఉన్నాడు.

"ఎవరో లోపలికెళ్తన్నారండి. ఎవరావిడ?"

"ఏసుదాసు భార్య."

"ఆపలేమా?"

"అదిరించగలను, అంతే."

"వద్దండి, మేడమ్. ఇంక అదిరించకండి."

0431 గుండె 96కు చేరింది, తర్వాత 120కి, తర్వాత 148కి. ఆ ఉదయానికి ముందు ఐదు నెలల్లో ఆ బ్యాండు పగటి పూట 90 దాటలేదు. అది విశ్రాంతికి భంగమని బ్యాండు నిర్ణయించుకుని, దానంతట అదే ఒకసారి పొడవుగా అదిరింది. పడుకోమని.

మంచు లోపలికి రాకుండా రూతు తలుపు వేసుకుంది. గడియ పెట్టలేదు. నేల మీద చాపపై పడుకుని ఉంది. పిలిస్తే పలకలేదు. సువార్త ఎత్తలేకపోయింది. చాప కొస పట్టుకుని గుమ్మం దాకా లాగింది. గుమ్మం దగ్గర చాప చిరిగింది. చంకల కింద చేతులు వేసి వీధిలోకి లాగింది. తెర మీద రెండు చుక్కలు కలిసి కదిలాయి. ఒకదానికి అడుగులు నమోదయ్యాయి. రెండోదానికి కాలేదు. మూడో ఇంటి దగ్గర రెండూ ఆగిపోయాయి. నాలుగు నిమిషాలు అక్కడే ఉన్నాయి.

10:01కి ఏసుదాసు బండి దూరంగా వదిలేసి, వీధి పొడుగునా పరిగెత్తి ఇద్దరినీ గట్టు మీదికి చేర్చాడు. ఎవరూ ఏదీ ముట్టించలేదు. మంట రాలేదు.

హైమ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు అమలాపురం ఆసుపత్రికి వచ్చింది. సువార్తకు ఆక్సిజన్ తీసేసి వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. కెజియా ఆమె ఒళ్లో బిస్కెట్ తింటోంది. ఏసుదాసు లేచి నిలబడ్డాడు.

"ఈవిడేనే, మేడమ్‌గారు. బ్యాండు ఈవిడే చేశారు."

సువార్త కూర్చునే అడిగింది. "మేమే పెట్టుకుంటన్నామని మీకు ముందే తెలుసంటండి?"

"తెలుసు."

"పొద్దున అదిరించింది కూడా మీరేనా?"

"మొదటిసారి దానంతట అదే. తర్వాత నేనే. మీరు బయటికి వస్తారని."

"ఎన్నిసార్లండి?"

"పదకొండు సార్లు."

సువార్త కూతురి మూతి కొంగుతో తుడిచింది. "అదిరినప్పుడల్లా మేం పడుకున్నామండి," అంది. "పడుకోమంటన్నారనుకున్నాం. అంతకు ముందు రూతు ఓపాలి లేచిందంట. అరుగు మీద కొచ్చి, ఎదురింటావిడితో తల తిరుగుతంది అని చెప్పిందంట. చెయ్యి అదిరేతలికి లోపలికెళ్లిపోయిందంట."

హైమ నిలబడే ఉంది. ఏసుదాసు బల్ల మీద జరిగి చోటు చూపించాడు. ఆమె కూర్చోలేదు. లోపలి నుంచి నర్సు వచ్చి రూతు తాలూకు ఎవరని అడిగింది. మెట్ల దగ్గర నిలబడి ఉన్న సామ్యేలు లోపలికి వెళ్లాడు.

నేలపూడి రూతు సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకు చనిపోయింది. వయసు 23.